ఎమ్మెస్ అప్లికేషన్‌కు ఎస్‌ఓపీ, ఎల్‌ఓఆర్: మొదటి నోట్సు నుంచి సబ్మిట్ దాకా

అమెరికాలో ఎమ్మెస్‌కు అప్లై చేస్తున్నవాళ్లు మమ్మల్ని మళ్లీ మళ్లీ అడిగేవి రెండే. ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ఎలా రాయాలి? ఎల్‌ఓఆర్ (లెటర్ ఆఫ్ రికమెండేషన్, అంటే సిఫారసు లేఖ) ఎవరి దగ్గర తీసుకోవాలి? ఈ రెండూ వేర్వేరు పనులనుకోవడం దగ్గరే చాలా అప్లికేషన్ ఫైళ్లు దెబ్బతింటున్నాయి. ఎస్‌ఓపీలో మీ గురించి మీరు చెప్పే మాటకు ఎల్‌ఓఆర్‌లో మరొకరు సాక్ష్యం పలకాలి. అందుకే రెంటికీ నోట్సు ఒకటే ఉండాలి.

ఫాల్ ఇంటేక్‌కు (ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే సెమిస్టర్‌కు) సిద్ధమవుతున్న బీటెక్ విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఈ క్రమం రాశాం. పీహెచ్‌డీకీ, వేరే దేశాలకూ తేడా వచ్చేచోట ఆ సంగతి అక్కడే చెప్పాం.

## 1. ఏం అడిగారో ముందు చదవండి

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, పర్సనల్ స్టేట్‌మెంట్ ఒకటి కావు. మొదటిది చదువుకు సంబంధించింది: ఏం నేర్చుకున్నారు, ఏం చేశారు, ఇకపై ఏం చదవాలనుకుంటున్నారు, ఆ ప్రోగ్రామే ఎందుకు. రెండోది మనిషికి సంబంధించింది: ఏ పరిస్థితుల్లోంచి వచ్చారు, అవి మీ చదువును ఎలా మలిచాయి. బర్కిలీ, మిచిగన్ వంటి యూనివర్సిటీలు రెంటినీ విడివిడిగా అడుగుతాయి. అలాంటిచోట ఒకే పత్రాన్ని రెండు చోట్లా అప్‌లోడ్ చేస్తే, ప్రశ్న చదవలేదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

జర్మనీలో అడిగే మోటివేషన్ లెటర్ సాధారణంగా ఒకటి రెండు పేజీలే. అందులో కోర్సు సిలబస్‌కూ మీరు చదివిన సబ్జెక్టులకూ ఉన్న పొత్తు ముఖ్యం, కుటుంబ నేపథ్యం అక్కర్లేదు.

ఒక షీట్ తెరిచి ప్రతి యూనివర్సిటీకీ ఇవి రాసుకోండి:

- పత్రం పేరు, అడిగిన ప్రశ్న పూర్తి పాఠం
- పదాలు, పేజీలు లేదా అక్షరాల పరిమితి
- ఎన్ని ఎల్‌ఓఆర్‌లు (అమెరికాలో ఎక్కువచోట్ల 3, కొన్నిచోట్ల 2)
- డెడ్‌లైన్ తేదీ, ఏ టైమ్ జోన్‌లో లెక్క
- ఎల్‌ఓఆర్‌ల డెడ్‌లైన్ అదే తేదీయా, తర్వాతా

పరిమితి ఏమీ చెప్పకపోతే 800 నుంచి 1,000 పదాలు, రెండు పేజీలు దాటకుండా చూసుకోండి. ఫాంట్ 11 లేదా 12 సైజు, నాలుగు వైపులా ఒక అంగుళం మార్జిన్.

## 2. క్యాలెండర్

డిసెంబర్ 15 డెడ్‌లైన్ అనుకుంటే:

- ఆగస్టు: నోట్సు, యూనివర్సిటీల షార్ట్‌లిస్ట్
- సెప్టెంబర్: ఎస్‌ఓపీ మొదటి డ్రాఫ్ట్, రికమెండర్లను (ఎల్‌ఓఆర్ రాసేవారిని) అడగడం
- అక్టోబర్: రెండో, మూడో డ్రాఫ్ట్, రికమెండర్లకు సమాచారం అందించడం
- నవంబర్ మొదటి వారం: యూనివర్సిటీ అప్లికేషన్ పోర్టల్‌లో రికమెండర్ల వివరాలు ఎక్కించడం
- డిసెంబర్ మొదటి వారం: సబ్మిట్

ఎల్‌ఓఆర్‌కు కనీసం ఆరు వారాల గడువివ్వండి. మిడ్ ఎగ్జామ్స్, ల్యాబ్ ఇంటర్నల్స్, నాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) తనిఖీ పనులు ఎప్పుడున్నాయో అడిగి తెలుసుకుని, ఆ వారాలు తప్పించండి.

## 3. నోట్సు: అసలు పని ఇక్కడే

ఖాళీ పేజీ ముందు కూర్చుని ఎస్‌ఓపీ మొదలుపెట్టకండి. మేజర్ ప్రాజెక్ట్, మినీ ప్రాజెక్ట్, ఇంటర్న్‌షిప్, ఇష్టంగా చదివిన రెండు మూడు సబ్జెక్టులు, ఉద్యోగం చేస్తుంటే అందులో ఒక పని. ఒక్కోదానికీ ఒక్కో కాగితం తీసుకుని ఈ ఆరు ప్రశ్నలకు జవాబు రాయండి. ఆలోచన తెలుగులో వస్తే తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్ సంగతి తర్వాత.

1. సమస్య ఏమిటి? అది ఎవరికి ఎదురైంది?
2. టీమ్‌లో ఎందరు? నేను చేసింది ఏది?
3. ఎక్కడ ఆగిపోయింది?
4. ఎందుకు ఆగిందో ఎలా కనిపెట్టాను?
5. ఫలితం అంకెల్లో ఎంత? దేనితో పోలిస్తే?
6. ఇంకా తేలని ప్రశ్న ఏమిటి?

మూడు, నాలుగు, ఆరు ప్రశ్నలకు జవాబు లేని ప్రాజెక్ట్ ఎస్‌ఓపీలో నిలబడదు. బయట కొని తెచ్చిన ప్రాజెక్ట్ ఇక్కడే దొరికిపోతుంది. అలాంటిదైతే దాన్ని పక్కనపెట్టి, సొంతంగా చేసిన చిన్న ల్యాబ్ అసైన్‌మెంట్ గురించి రాయడం మేలు.

## 4. ఎస్‌ఓపీ అమరిక

సుమారు 900 పదాల పత్రానికి ఈ కొలతలు సరిపోతాయి:

- మొదటి పేరా, 100 పదాలు: ఏ రంగంలో, ఏ తరహా ప్రశ్న మీద పనిచేయాలనుకుంటున్నారు, అది ఎక్కడ మొదలైంది.
- ముఖ్యమైన పని, 250–300 పదాలు: ఒకే ప్రాజెక్ట్, లోతుగా.
- రెండో పని, 150 పదాలు: మొదటిదానికి ఏదో ఒక విధంగా ముడిపడాలి.
- చదువు పునాది, 100 పదాలు: ఆ పనికి అక్కరకొచ్చిన సబ్జెక్టులు. మార్కుల జాబితా కాదు, అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంది.
- ఈ ప్రోగ్రామే ఎందుకు, 150–200 పదాలు.
- తర్వాత ఏం చేస్తారు, 80 పదాలు: ఏ తరహా ఉద్యోగం, ఏ తరహా సంస్థ.

రాసే వరుస మాత్రం వేరు. ముందు ముఖ్యమైన పని రాయండి, ఆ తర్వాత ప్రోగ్రామ్ పేరా, మొదటి పేరా అన్నిటికన్నా చివర. "చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ఆసక్తి", కలాం గారి కొటేషన్, టెక్నాలజీ ప్రపంచాన్ని మార్చేస్తోందన్న వాక్యం: ఈ మూడూ ముందుగా మొదటి పేరాతో కుస్తీ పట్టడం వల్ల పుట్టేవే. పని గురించి రాసేశాక ఏం చెప్పి మొదలుపెట్టాలో దానంతట అదే తెలుస్తుంది.

## 5. ఒక పేరాను బాగుచేసి చూద్దాం

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో తరచూ కనిపించే ప్రాజెక్టునే తీసుకుందాం: ఫోటో చూసి టమాటా ఆకు తెగులును గుర్తించడం. అంకెలు ఉదాహరణకే.

మొదటి డ్రాఫ్ట్: "మా మేజర్ ప్రాజెక్టులో డీప్ లెర్నింగ్ ఉపయోగించి టమాటా తెగుళ్లను గుర్తించే అత్యాధునిక వ్యవస్థను తయారుచేసి 97 శాతం యాక్యురసీ సాధించాం. దీనివల్ల నాకు టీమ్‌వర్క్, లీడర్‌షిప్ అలవడ్డాయి."

ఇందులో తప్పేమీ లేదు, మీరు కూడా లేరు. ఈ రెండు వాక్యాలను ఆ టీమ్‌లోని నలుగురిలో ఎవరైనా రాయొచ్చు. పైగా ప్లాంట్‌విలేజ్ డేటాసెట్ (అందరికీ అందుబాటులో ఉన్న ఆకు తెగుళ్ల ఫోటోల సేకరణ) వాడితే అంత యాక్యురసీ రావడం మామూలేనని చదివే ప్రొఫెసర్‌కు తెలుసు. అందులోని ఫోటోలు ఒక్కో ఆకును తెంపి, సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసినవి.

మూడో డ్రాఫ్ట్: "ప్లాంట్‌విలేజ్ ఫోటోల మీద మా మోడల్ 97 శాతం సరిగ్గా చెప్పింది. మదనపల్లె దగ్గరి పొలాల్లో నేను ఫోన్‌తో తీసిన 300 ఫోటోల మీద అది 54 శాతానికి పడిపోయింది. తప్పయిన ఫోటోలన్నీ విడదీసి చూస్తే, మట్టి, నీడ, పక్క ఆకులు కనిపించినచోటే మోడల్ తడబడుతోందని అర్థమైంది. ఆకును వేరుచేసే దశను నేను కలిపాక 71 శాతానికి వచ్చింది. పొలం మారినప్పుడల్లా కొత్త ఫోటోలు సేకరించకుండా ఈ తేడాను తగ్గించడం ఎలాగన్నది నాకింకా తేలలేదు."

54 శాతం చెబితే పరువు పోతుందని చాలామంది భయపడతారు. నిజానికి ఈ పేరాకు ప్రాణం ఆ అంకెలోనే ఉంది. పడిపోయింది, ఎందుకో చూశారు, కొంత సరిచేశారు, మిగిలిన ప్రశ్న చెప్పారు. ఆ చివరి వాక్యమే ప్రోగ్రామ్ పేరాకు దారి వేస్తుంది: డేటా మారినా నిలబడే మోడళ్ల మీద ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏ కోర్సుంది, ఏ ల్యాబుంది అన్నది ఇప్పుడు సహజంగా వస్తుంది.

"టీమ్‌వర్క్, లీడర్‌షిప్" అనే మాటలు పోయినా నష్టం లేదు. ఆ సంగతి మీ గైడ్ తన లెటర్లో చెబితేనే విలువ.

మీ డ్రాఫ్ట్‌లో ప్రతి పేరాకూ ఈ పరీక్ష పెట్టండి:

- ఈ పేరాను నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్ తన పేరుతో వాడుకోగలడా? వాడుకోగలిగితే మళ్లీ రాయాలి.
- "మేము" అన్నచోట నేను చేసింది విడిగా తెలుస్తోందా?
- ప్రతి అంకె పక్కన పోలిక ఉందా?
- దీని మీద ఐదు నిమిషాలు ప్రశ్నలడిగితే తడబడకుండా చెప్పగలనా? వీసా ఇంటర్వ్యూలో ఇదే అడగవచ్చు.

## 6. ప్రోగ్రామ్ పేరా

"మీ ప్రపంచ ప్రఖ్యాత అధ్యాపకులు, అత్యాధునిక ల్యాబులు" అన్న వాక్యం ఏ యూనివర్సిటీకైనా అతుకుతుంది కాబట్టి దేనికీ పనికిరాదు. డిపార్ట్‌మెంట్ సైట్‌లో కోర్సుల జాబితా తెరిచి, మీ తేలని ప్రశ్నకు పనికొచ్చే రెండు కోర్సుల పేర్లు, ఒక ల్యాబ్ లేదా థీసిస్ ఆప్షన్ రాసుకోండి. ఆ కోర్సు ఈమధ్య నిజంగా నడిచిందో లేదో కూడా చూడండి.

పీహెచ్‌డీకైతే ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు, వాళ్ల ఇటీవలి పనిలో మీకు నచ్చిన అంశం తప్పనిసరి. కోర్స్‌వర్క్ మీద నడిచే ఎమ్మెస్‌కు పేర్ల దండ అవసరం లేదు.

ఎనిమిది యూనివర్సిటీలకు అప్లై చేస్తే ఈ పేరా ఎనిమిది సార్లు విడిగా రాయాల్సిందే. మిగతా పత్రం పెద్దగా మారదు.

## 7. బ్యాక్‌లాగులు, గ్యాప్, తక్కువ పర్సెంటేజ్

దాచాలని చూడకండి, మార్కుల మెమోలన్నీ వాళ్ల ముందే ఉంటాయి. కథ కూడా చెప్పకండి. మూడు నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగింది, కారణం, ఎప్పుడు సరిచేశారు, ఆ తర్వాత నిలకడకు రుజువు. ఉదాహరణకు: "రెండో ఏడాదిలో నాన్నగారి అనారోగ్యం వల్ల మూడు సబ్జెక్టులు తప్పాను. తర్వాతి సప్లిమెంటరీలో మూడూ పాసయ్యాను. ఆ తర్వాతి నాలుగు సెమిస్టర్లలో ఒక్కటీ తప్పలేదు."

పోర్టల్‌లో అదనపు సమాచారానికి విడిగా బాక్స్ ఉంటే అక్కడ రాయండి. లేకపోతే ఎస్‌ఓపీలో చదువు పునాది పేరా చివర. మొదట్లోనూ, ఆఖర్లోనూ వద్దు. కాలేజీనో ఈవాల్యుయేషన్‌నో నిందించే వాక్యం ఒక్కటీ ఉండకూడదు.

## 8. రికమెండర్లుగా ఎవరిని ఎంచుకోవాలి

హోదా కన్నా పరిచయం ముఖ్యం. మిమ్మల్ని పేరుపెట్టి గుర్తుపట్టలేని ప్రిన్సిపాల్ లెటర్ కన్నా, ఏడాదిపాటు వారం వారం మీ ప్రాజెక్ట్ చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లెటర్ బలంగా ఉంటుంది. హెచ్‌ఓడీ మీకు సబ్జెక్ట్ చెప్పి ఉంటేనే ఆయన్ని అడగండి.

ముగ్గురి కలయిక ఇలా ఉంటే మంచిది:

- మేజర్ ప్రాజెక్ట్ గైడ్
- మీరు బాగా రాణించిన, మీ రంగానికి దగ్గరి సబ్జెక్ట్ చెప్పినవారు
- ఇంటర్న్‌షిప్ మెంటర్, ఉద్యోగంలో మేనేజర్ లేదా మరో లెక్చరర్

పీహెచ్‌డీకి ముగ్గురూ మీ పరిశోధన లేదా చదువు తెలిసినవారైతే మంచిది. మేనేజర్‌ను అడిగేముందు, కంపెనీ మెయిల్ నుంచి సిఫారసు పంపడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. బంధువులు, కుటుంబ స్నేహితులు ఎంత పెద్ద పదవిలో ఉన్నా వద్దు.

## 9. అడగడం, "నువ్వే రాసి తీసుకురా" అన్నప్పుడు ఏం చేయాలి

వీలైతే నేరుగా వెళ్లి అడగండి, ఆ సాయంత్రమే మెయిల్ పంపండి. అందులో ఈ పాటి మాటలు చాలు:

"నమస్తే సర్. నేను 2022–26 బ్యాచ్ సీఎస్‌ఈ విద్యార్థిని. మూడో ఏడాదిలో మీ దగ్గర మెషిన్ లెర్నింగ్ చదువుకున్నాను, మేజర్ ప్రాజెక్ట్ మీ గైడెన్స్‌లోనే చేస్తున్నాను. ఎమ్మెస్‌కు 8 యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నాను, మొదటి డెడ్‌లైన్ డిసెంబర్ 15. నా పని గురించి వివరంగా రాయగలనని మీకు అనిపిస్తే నాకు లెటర్ ఇవ్వగలరా? కావలసిన వివరాలన్నీ ఒకే ఫైల్‌లో పంపుతాను."

"అనిపిస్తే" అన్న మాట తీసేయకండి. ఇష్టం లేనివారు మర్యాదగా తప్పుకోవడానికి అది దారి ఇస్తుంది. మొహమాటానికి రాసిన మూడు లైన్ల లెటర్ ఫైల్‌కు చేటు చేస్తుంది.

ఇక మన కాలేజీల్లో అందరికీ తెలిసిన మాట: "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను." సెక్షన్‌కు అరవై డెబ్బై మంది, దానిమీద ఇతర పనులు, లెక్చరర్ల ఇబ్బంది నిజమైనదే. కానీ విద్యార్థి రాసుకున్న లెటర్ నిజాయితీకి విరుద్ధం, చాలా యూనివర్సిటీల నిబంధనలకూ విరుద్ధం. పైగా తేలిగ్గా బయటపడుతుంది. మూడు లెటర్లలోనూ అదే వాక్య నిర్మాణం, అవే విశేషణాలు, ఎస్‌ఓపీలోని పదబంధాలే మళ్లీ. గైడ్‌కు మాత్రమే కనిపించే సంగతులు, అంటే మీరు గత బ్యాచ్‌లతో పోలిస్తే ఎక్కడ నిలుస్తారన్నది, మీరు రాయలేరు. అప్లికేషన్ చదివే ప్రొఫెసర్ వెతికేది దాన్నే.

అందుకే లెటర్ బదులు ముడిసమాచారం ఇవ్వండి: "సర్, లెటర్ మీ మాటల్లోనే ఉంటే బాగుంటుంది. మీకు శ్రమ తగ్గేలా పాయింట్లన్నీ రాసుకొచ్చాను. మీరు పది నిమిషాలు ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసినా టైప్ చేసుకోవడం తేలిక." ఈ సాయం చాలావరకు పని జరిపిస్తుంది. అయినా ఆయన ఒప్పుకోకపోతే మరొకరిని అడగండి. ఇందుకే సెప్టెంబర్‌లో మొదలుపెట్టమన్నది.

రికమెండర్‌కు ఇవ్వాల్సిన ఫైల్:

- యూనివర్సిటీ, ప్రోగ్రామ్, డెడ్‌లైన్: తేదీల వరుసలో ఒకే పేజీ
- రెజ్యూమే, మార్కుల మెమోలు, ఎస్‌ఓపీ తాజా డ్రాఫ్ట్
- ప్రాజెక్ట్ రిపోర్ట్ పీడీఎఫ్, కోడ్ లింక్
- ఆయన సబ్జెక్ట్‌లో మీ మార్కులు, ఏ సెమిస్టర్
- మీరిద్దరికీ తెలిసిన మూడు సంఘటనలు, ఒక్కోటి రెండు లైన్లు ("రెండో రివ్యూలో మీరు పొలం ఫోటోల మీద పరీక్షించమన్నారు, రెండు వారాల్లో ఫలితాలు తెచ్చాను" వంటివి)

ముగ్గురికీ ఒకే సంఘటనలు ఇవ్వకండి. గైడ్‌కు ప్రాజెక్ట్, సబ్జెక్ట్ చెప్పినవారికి క్లాసులో అడిగిన ప్రశ్నలు, ల్యాబ్ పని, మెంటర్‌కు గడువులోగా పూర్తిచేసిన పని.

## 10. లెటర్ రాసే లెక్చరర్లకు

ఒక పేజీ నుంచి పేజీన్నర, 400–700 పదాలు చాలు. కాలేజీ లెటర్‌హెడ్, తేదీ, సంతకం, హోదా, అధికారిక మెయిల్ ఉండాలి. లోపల ఈ వరుస పనిచేస్తుంది:

1. ఎంతకాలంగా, ఏ హోదాలో ఈ విద్యార్థి తెలుసు
2. పోలిక: "గత ఐదేళ్లలో నేను గైడ్ చేసిన 25 టీముల్లో మొదటి మూడింటిలో ఒకటి" అన్నట్టు. అంకెలు నిజంగా మీవే కావాలి
3. ఒకటి రెండు సంఘటనలు, వివరంగా
4. రాత, మాట, ఇంగ్లిష్‌లో చర్చించే శక్తి గురించి రెండు వాక్యాలు
5. ఇంకా మెరుగుపడాల్సిన ఒక విషయం, నిజాయితీగా
6. సిఫారసు ఎంత బలమైనదో స్పష్టంగా ఒక వాక్యం

"హార్డ్ వర్కింగ్, సిన్సియర్, ఒబీడియెంట్" అన్న మూడు మాటలు మన కాండక్ట్ సర్టిఫికెట్ల నుంచి వచ్చినవి. చెప్పినమాట వినడం అమెరికా యూనివర్సిటీల్లో గొప్ప గుణంగా లెక్కలోకి రాదు. సొంతంగా ప్రశ్న వేసిన సందర్భం రాయండి.

పోర్టల్‌లో రేటింగ్ పట్టిక వస్తుంది: మొదటి 5 శాతం, 10 శాతం, 25 శాతం అన్నట్టు. అన్ని గళ్లలోనూ అత్యుత్తమం టిక్ చేస్తే ఆ పట్టికను ఎవరూ నమ్మరు. లెటర్లో రాసినదానికి సరిపోయేలా గుర్తించండి.

## 11. పోర్టల్‌లో జాగ్రత్తలు

ఫెర్పా ప్రశ్న. ఫెర్పా అంటే విద్యార్థుల రికార్డుల గోప్యతపై అమెరికా 1974లో చేసిన చట్టం. దాని ప్రకారం, యూనివర్సిటీలో చేరాక మీ ఫైల్‌లోని లెటర్లు చూసే హక్కు మీకుంటుంది. అప్లికేషన్‌లో ఆ హక్కు వదులుకుంటారా అని అడుగుతారు. వదులుకుంటున్నానని ఎంచుకుంటే లెటర్‌కు విశ్వసనీయత ఎక్కువ.

మెయిల్ ఐడీ. కొన్ని యూనివర్సిటీలు జీమెయిల్, యాహూ ఐడీలను ఒప్పుకోవు. లెక్చరర్‌కు కాలేజీ మెయిల్ లేకపోతే సెప్టెంబర్‌లోనే ఆఫీసులో అడిగి తీయించుకోమనండి. లెక్చరర్ పేరుతో మీరే ఐడీ తెరవడం మోసం. చేరిన తర్వాత బయటపడినా అడ్మిషన్ రద్దు కావచ్చు.

లింక్ ఎప్పుడు వెళ్తుంది. కొన్ని పోర్టళ్లలో వివరాలు సేవ్ చేయగానే, కొన్నిటిలో ఫీజు కట్టి సబ్మిట్ చేశాకే మెయిల్ వెళ్తుంది. రెండో రకమైతే మీరు ముందుగా సబ్మిట్ చేయకపోతే మీ సర్‌కు టైమ్ మిగలదు.

గుర్తు చేయడం. డెడ్‌లైన్‌కు మూడు వారాలు, వారం, మూడు రోజుల ముందు ఒక్కో మెసేజ్. స్పామ్ ఫోల్డర్ చూడమని మొదటిదాంట్లోనే రాయండి.

## 12. తరచూ చూసే తప్పులు, మరమ్మతు

ఎస్‌ఓపీ రెజ్యూమేలా ఉంది. ప్రాజెక్టులు నాలుగు దాటి ఉంటాయి. రెండు ఉంచి, మిగతా వాటి పదాలను ఆ రెంటికి ఇవ్వండి.

వేరే యూనివర్సిటీ పేరు మిగిలిపోయింది. ఫైల్‌లో అన్ని యూనివర్సిటీల పేర్లనూ ఒక్కొక్కటిగా సెర్చ్ చేయండి. ఫైల్ పేరులో కూడా చూడండి.

కన్సల్టెన్సీ ఇచ్చిన శాంపిల్ నుంచి రాసింది. అదే శాంపిల్ ఇంకెందరికో వెళ్లి ఉంటుంది, కొన్ని యూనివర్సిటీలు పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ వాడతాయి. వాక్యాలు మార్చి లాభం లేదు. మూడో అంచెలోని నోట్సుకు తిరిగి వెళ్లండి.

ఏఐతో రాయించింది. ముందు ఆ ప్రోగ్రామ్ నియమాలు చదవండి, కొన్ని దీనిపై స్పష్టంగా చెబుతున్నాయి. వ్యాకరణం సరిచూసుకోవడం ఒకటి, పేరాలు పుట్టించడం ఇంకొకటి. పుట్టించిన పేరాలో మదనపల్లె పొలం ఉండదు.

ఒక రికమెండర్ చివర్లో స్పందించడం లేదు. నాలుగో వ్యక్తిని అక్టోబర్‌లోనే అడిగి ఉంచండి. చాలా పోర్టళ్లలో రికమెండర్‌ను మార్చే వీలుంటుంది. లేకపోతే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. మీరు గడువులోగా సబ్మిట్ చేసి ఉంటే, లెటర్ కొద్దిరోజులు ఆలస్యమైనా తీసుకునే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

## 13. సబ్మిట్ చేసేముందు

- ఎస్‌ఓపీని బయటికి చదివారా? ఊపిరి అందని వాక్యాన్ని రెండుగా విరిచారా?
- మీ రంగం తెలిసినవారు ఒకరు, తెలియనివారు ఒకరు చదివారా?
- తేదీలు, అంకెలు, ప్రాజెక్ట్ పేరు రెజ్యూమేలో, ఎస్‌ఓపీలో, రికమెండర్ ఫైల్‌లో ఒకేలా ఉన్నాయా?
- పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా? ఇంటిపేరు, సొంత పేరు గళ్లు తారుమారు కాలేదు కదా?
- పీడీఎఫ్‌ను అప్‌లోడ్ అయ్యాక తెరిచి చూశారా?
- లెటర్లన్నీ "అందింది" అని పోర్టల్‌లో చూపిస్తున్నాయా? (సబ్మిట్ చేశాకే లింక్ వెళ్లే పోర్టళ్లలో ఇది తర్వాత చూసుకోండి.)

పంపిన ప్రతి ఎస్‌ఓపీ కాపీని యూనివర్సిటీ పేరుతో విడి ఫోల్డర్‌లో దాచండి. అడ్మిట్ వచ్చాక, వీసా ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఆ యూనివర్సిటీకి పంపిందే మళ్లీ చదువుకోవాలి. ఫలితాలు వచ్చిన రోజే, అడ్మిటైనా రిజెక్టయినా, ముగ్గురు రికమెండర్లకూ ఫోన్ చేసి చెప్పండి.